వీడియో చూస్తే అంతా అర్థమవుతుంది, ఒంటరిగా కూర్చుంటే చెయ్యి కదలదు

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 32 ఏళ్ళు. కామర్స్ డిగ్రీ చేశారు. ఎనిమిదేళ్ళుగా ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నారు. ఆరేళ్ళ బాబు ఉన్నాడు. నెలాఖరు లెక్కలు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంటును పద్దులతో సరిచూడడం), తెరిస్తే మూయడానికి వీల్లేనన్ని ఎక్సెల్ షీట్లు. "ఇంకో పాతికేళ్ళు ఇదేనా" అనిపించి నాలుగు నెలల క్రితం సాఫ్ట్‌వేర్ డెవలపర్ కావాలని నిశ్చయించుకున్నారు. ముందు పైథాన్ మొదలుపెట్టారు. సగంలో ఉండగా ఎవరో వెబ్‌సైట్లు చేయాలంటే జావాస్క్రిప్ట్ తప్పదన్నారు, అటు మారారు. నెల తిరక్కుండానే ఇంకొకరు పెద్ద కంపెనీల్లో అంతా జావానే అన్నారు, అదీ తెరిచారు. ఇప్పుడు మూడు కోర్సులూ సగంలో ఉన్నాయి. వీడియో నడుస్తుంటే ప్రతి ముక్కా అర్థమవుతుంది. ఆపేసి ఖాళీ తెర ముందు కూర్చుంటే మొదటి లైను కూడా రాదు. ప్రతిదానికీ గూగుల్ చూడాల్సి వస్తోందని, దొంగచాటుగా కాపీ కొడుతున్నట్టు ఉందని రాశారు.

సొంతంగా పూర్తి చేసిన ప్రోగ్రాం ఒకే ఒక్కటి. ఒక ఖర్చును కొంతమందికి సమానంగా పంచి చూపించేది. వందను ముగ్గురికి పంచమంటే తలా 33.33 అని చూపించింది. కూడితే 99.99. "ఇంత చిన్నదాంట్లోనే తప్పు చేశానంటే నాకు లాజిక్ లేనట్టే కదా" అనుకుని దాన్ని డిలీట్ చేసేశారు.

మరిది సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు. "వదినా, నీకు మ్యాథ్స్ లేదు, కంప్యూటర్ సైన్స్ లేదు, పైగా ఇప్పుడు కోడ్ అంతా ఏఐయే రాసేస్తోంది. ఈ వయసులో ఎందుకీ తలనొప్పి" అన్నాడట. ఇంకోవైపు ఒక శిక్షణ సంస్థవాళ్ళు ఆరు నెలలు పూర్తిగా వచ్చి కూర్చుంటే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అందులో చేరాలంటే ఉన్న ఉద్యోగం మానేయాలి. "ఒక్క ఏడాది నా జీతంతో నెట్టుకొద్దాం, అంతకు మించితే కష్టం" అన్నారట భర్త. ఆమె రాసిన మాటల్లో ఇంకొకటి కూడా చెప్పాలి: "నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదండీ. కంప్యూటర్‌తో పనైతే మనుషులతో పెద్దగా పనుండదు కదా అని కూడా ఈ దారి ఎంచుకున్నాను."

చివర్లో ఆమె అడిగింది ఇది: ఉద్యోగం మానేసి చేరనా, మరిది మాట విని ఆశ వదులుకోనా? నాలాంటివాళ్ళకు ఇది అయ్యే పనేనా? ఉన్నదున్నట్టు చెప్పండి.

సమాధానం

ఉన్నదున్నట్టే చెప్తానమ్మా. మీరు డిలీట్ చేసిన ఆ ప్రోగ్రాం దగ్గరే మొదలుపెడతాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది అదే.

అందులో మీరు రాసిన కోడ్ తప్పేం కాదు. వందను మూడుతో భాగిస్తే అది ఎప్పటికీ తెగదు. రెండు దశాంశాలకు కుదిస్తే 33.33 రావాల్సిందే, కూడితే 99.99 కావాల్సిందే. కంప్యూటర్ మీరు చెప్పినట్టే చేసింది. మీరు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది: మిగిలిన ఆ 0.01 ఎవరి లెక్కలో వేయాలి? మొదటివాళ్ళకా, చివరివాళ్ళకా, డబ్బు ముందు కట్టినవాళ్ళే భరించాలా? అదే వందను ఏడుగురికి పంచి చూడండి. తలా 14.29 వస్తుంది, కూడితే 100.03. ముగ్గురైతే తక్కువ వసూలైంది, ఏడుగురైతే ఎక్కువ వసూలైంది. ఆఫీసులో ఈ రౌండాఫ్ తేడాను మీరు ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. దానికి మీ దగ్గర ఒక పద్ధతి ఉండే ఉంటుంది, ఒక ఖాతా కూడా ఉండే ఉంటుంది. అదే సంగతి తెర మీద కనబడేసరికి మాత్రం "నాకు లాజిక్ లేదు" అనేసుకున్నారు.

ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న డెవలపర్ కూడా సరిగ్గా అక్కడే ఆగుతాడు. ఆగి, ఎవరినో ఒకరిని అడుగుతాడు. జవాబు వచ్చాక చేసే పని పెద్దదేం కాదు. వందను 10000 చిన్న భాగాలుగా తీసుకుని ఏడుతో భాగిస్తే 1428 వచ్చి 4 మిగులుతుంది. ఆ నాలుగింటినీ మొదటి నలుగురికి ఒక్కొక్కటి వేస్తే నలుగురికి 14.29, ముగ్గురికి 14.28. కూడి చూసుకోండి, కచ్చితంగా వంద. డబ్బును దశాంశాల్లో కాకుండా ఇలా అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకాలుగా లెక్కపెట్టడం ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కారణం కూడా చెప్తాను, సరదాగా ఉంటుంది. పైథాన్ తెరిచి 0.1 + 0.2 ఎంత అని అడగండి. 0.30000000000000004 అంటుంది. మన దశాంశాల్లో మూడో వంతు ఎలా తెగదో, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యల్లో, అంటే 0, 1 మాత్రమే ఉండే లెక్కలో, పదో వంతు అలా తెగదు. ఇది తెలియక బోల్తాపడినవాళ్ళు ఈ రంగంలో కోకొల్లలు. అందులో నేనూ ఉన్నాను.

కూడిక తేడా వచ్చినందుకు నాకు దిగులు లేదు. మొత్తం కూడి చూసుకున్నారు చూడండి, అది నాకు నచ్చింది. కోర్సుల్లో చేరే చాలామంది తెర మీద ఒక అంకె వస్తే చాలు, పని అయిపోయిందనుకుంటారు. వచ్చిన అంకెను నమ్మకుండా సరిచూసుకునే అలవాటు నేర్పడానికి మా టీముల్లో ఏళ్ళు పడుతుంది. మీకది ఉద్యోగం నేర్పేసింది.

ఇక ఖాళీ తెర సంగతి. పక్క సీటువాళ్ళు బ్యాంక్ రీకన్సిలియేషన్ చేస్తుంటే వెనక నిలబడి చూశారనుకోండి. ఈ ఎంట్రీ ఇటు, ఆ చెక్కు అటు, అంతా తేలిగ్గానే కనిపిస్తుంది. మర్నాడు మీ షీటే తేడా చూపించినప్పుడు, ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో ఆ చూడడం నేర్పలేదని తెలుస్తుంది. వీడియో కూడా అంతే. మీరు ప్లే నొక్కే ముందే నిర్ణయాలన్నీ ఆ చెప్పేవాళ్ళు తీసేసుకుని ఉంటారు. ఏది ముందు రాయాలి, దేనికి ఏ పేరు పెట్టాలి, ఎక్కడ విడగొట్టాలి. వాళ్ళకొచ్చిన ఎర్రర్లు, బుర్ర గోక్కున్న అరగంట, అన్నీ కోసేసి చూపిస్తారు. మిగిలింది టైపింగ్. అది చూసి అర్థమైందనుకోవడంలో తప్పులేదు, నిజంగానే అర్థమవుతుంది. కానీ రాయడం వేరే కండరం.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. కంప్యూటర్ మూసేసి కాగితం మీద తెలుగులో రాయండి. "మొత్తం ఎంతో అడుగు. ఎంతమందో అడుగు. సున్నా అయితే మళ్ళీ అడుగు. భాగించు. మిగిలింది ఎంతో చూడు. మిగిలినదాన్ని మొదటివాళ్ళకు ఒక్కొక్కటి వేయి." ఆరు వాక్యాలు. ప్రతి వాక్యం ఒకటి రెండు లైన్ల కోడ్ అవుతుంది. భాగించడం పైథాన్‌లో ఎలా రాస్తారో మర్చిపోతే గూగుల్‌లో చూడండి. సిగ్గుపడాల్సిన పనిలేదు. ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే సైటు 2008లో వచ్చి అన్నేళ్ళు ఒక వెలుగు వెలిగిందంటే కారణమేంటి? రోజూ ఇదే పని చేసేవాళ్ళు రోజూ అడుగుతూ, చెప్పుకుంటూ ఉండబట్టే. కామా ఎక్కడ పెట్టాలో గుర్తుపెట్టుకున్నందుకు ఎవరూ జీతమివ్వరు. ఏం వెతకాలో తెలిస్తే, దొరికినది తన సమస్యకు సరిపోతుందో లేదో తేల్చుకోగలిగితే ఇస్తారు.

నా మొదటి ఉద్యోగంలో సంగతి ఒకటి చెప్తాను. ఒక రిపోర్టులో ఒకే ఒక్క కస్టమర్ పేరు రావడం లేదు. మిగతావన్నీ వస్తున్నాయి. రెండు రోజులు కోడ్ మొత్తం తిరగేశాను. నాకు రాదు, నన్ను పొరపాటున తీసుకున్నారు అనే ఆలోచన కూడా వచ్చింది, అచ్చం మీకులాగే. చివరికి చూస్తే, ఎంట్రీ చేసినవాళ్ళు ఆ పేరు చివర ఒక స్పేస్ కొట్టారు. కంటికి కనబడదు, కంప్యూటర్‌కు మాత్రం అది వేరే పేరు. ఇది చదువుతూ మీరు నవ్వుకునే ఉంటారు. ఎక్సెల్‌లో ఒక షీట్‌లోని పేరును ఇంకో షీట్‌లో వెతికే వీలుకప్ ఫార్ములా పెడితే ఎదురుగా కనబడుతున్న పేరు కూడా దొరకలేదని ఎర్రర్ వచ్చి, అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ పెట్టి సరిచేసిన రోజు మీకూ ఉండే ఉంటుంది కదా. ఆ వెతుకులాటనే మేం డీబగ్గింగ్ అంటాం. రోజులో చాలా గంటలు దానికే పోతాయి. కొత్తగా వచ్చేవాళ్ళు దాన్ని తమ చేతకానితనం అనుకుంటారు. ఉద్యోగమే అది.

అన్నట్టు, ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అని కొట్టి చూడండి. అలాంటి రోజు లేనే లేదు, ఆ ఏడాది లీపు సంవత్సరం కాదు. అయినా తేదీగా ఒప్పేసుకుంటుంది. అంతకుముందు అందరూ వాడిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లో ఈ తప్పు ఉండేది. దాంట్లో చేసిన ఫైళ్ళు చెడిపోకూడదని తెలిసి తెలిసీ ఎక్సెల్‌లోకి తీసుకొచ్చారు. ఇప్పటికీ అలాగే ఉంది. అంత పెద్దవాళ్ళ లెక్కలోనే లేని రోజు ఒకటుంది. మీ 0.01కి అంత బాధపడకండి.

మూడు భాషల గొడవ మీద ఎక్కువ చెప్పను. విలువను దాచుకోవడం, షరతు పెట్టడం, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూపు తిప్పడం, పనిని ఫంక్షన్‌గా విడగొట్టడం, జాబితాలు. ఇవి మూడింట్లోనూ ఉన్నాయి. ఒకదాంట్లో చేతికి వస్తే రెండోదానికి వారాలు చాలు. మూడూ సగం సగం వస్తే ఏదీ రానట్టే. మీరు షీట్లతో బతికే మనిషి కాబట్టి పైథాన్ దగ్గరే ఉండిపోండి. దాని పక్కన ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి, డేటాబేస్‌లోంచి కావాల్సిన వివరాలు అడిగి తీసుకునే భాష అది. ఇది మీకు ఎవరూ చెప్పినట్టు లేరు, అదే నాకు ఆశ్చర్యం. వీలుకప్‌తో ఒక షీట్‌లోంచి ఇంకో షీట్‌లోకి వివరాలు లాగుతారు కదా, ఎస్‌క్యూఎల్‌లో దాన్నే జాయిన్ అంటారు. పివట్ టేబుల్‌తో వివరాలను గుంపులుగా చేసి మొత్తాలు తీసేదాన్ని గ్రూప్ బై అంటారు. వివరాలను పట్టికలుగా దాచుకోవాలని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రాసిన ఆలోచన మీద, ఆ దశాబ్దంలోనే ఐబీఎంలో పుట్టిన భాష అది. తర్వాత ఎన్ని ఫ్యాషన్లు వచ్చి పోయినా అది కదల్లేదు. మీకు సగం ముందే వచ్చు.

మ్యాథ్స్ గురించి మరిది చెప్పింది కొన్నిచోట్ల నిజం. ఆటల గ్రాఫిక్స్, మెషిన్ లెర్నింగ్ లోతుల్లోకి వెళ్ళడం, సమాచారాన్ని రహస్యంగా మార్చే క్రిప్టోగ్రఫీ, వీటికి గట్టి గణితం కావాలి. బిల్లులు, స్టాకు, జీతాలు, ఫారాలు, రిపోర్టులు చూసే సాఫ్ట్‌వేర్‌కు బడిలో చెప్పిన లెక్కలు, "ఇది నిజమై, అది కాకపోతే" అనే తీరులో తికమకపడకుండా ఆలోచించడం సరిపోతాయి. మీరు ఒకదాంట్లో ఒకటి ఐదు ఇఫ్‌లు పెట్టి ఫార్ములా రాసి ఉంటే ఆ రెండో పరీక్ష పాసైపోయారు. డిగ్రీ సంగతి వేరు. కొన్ని కంపెనీలు కంప్యూటర్ డిగ్రీ లేకపోతే దరఖాస్తు తెరవను కూడా తెరవవు. అది అన్యాయమే కావచ్చు కానీ ఉంది. ఆ తలుపులు మీకు మూసి ఉంటాయని లెక్కలో వేసుకునే దిగండి. వయసు నేర్చుకోవడానికి అడ్డం కాదు. అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. ఎనిమిదేళ్ళ సీనియారిటీ పక్కన పెట్టి మళ్ళీ కింది మెట్టు జీతం తీసుకోవాలి, మీకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు మీ కోడ్‌లో తప్పులు చూపిస్తే తలూపాలి. అది మీకు సరేనా కాదా అన్నది మీరు నిజాయితీగా ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మనుషులతో పనుండదని ఈ దారి ఎంచుకుంటే మీరు మోసపోతారు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక 1999లో అంగారకుడి దగ్గరికి చేరి నాశనమైంది. ఒక బృందం రాసిన సాఫ్ట్‌వేర్ నౌక రాకెట్ల తోపుడును పౌండ్ల లెక్కలో ఇచ్చింది, అందుకున్న బృందం అది న్యూటన్లనే ఇంకో కొలతలో ఉందనుకుంది. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉంది. రెండు లెక్కల మధ్య జరగాల్సిన సంభాషణ ఒకటి జరగలేదు. మా పనిలో రోజంతా ఇదే ప్రమాదం, చిన్న మోతాదుల్లో. 0.01 ఎవరిదో అడగాలి. అడిగితే "ఏదో ఒకటి చెయ్యండి" అంటారు, మళ్ళీ అడగాలి. ఇంకొకరు ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడ్ చదవాలి, అర్థం కాకపోతే అడగాలి. మీరు రాసింది నలుగురు చదివి వంకలు పెడతారు, జవాబు చెప్పాలి.

అయితే ఇందులో స్టేజీ ఎక్కి ఉపన్యాసం ఇవ్వాల్సింది ఏమీ లేదు. సగం మాటలు రాతలోనే నడుస్తాయి. మీ ఉత్తరం చూశాను కదా, ఏం జరిగిందో వరుసగా, అంకెలతో సహా రాశారు. అలా ఒక బగ్గు, అంటే ప్రోగ్రాంలోని తప్పు గురించి రాయగలిగేవాళ్ళు మా మధ్య అనుకున్నంత మంది లేరు. మీకు రానిది గుంపులో మాట్లాడడం. ఇక్కడ కావాల్సింది స్పష్టంగా అడగడం. ఆ రెండింటినీ మీరు ఒకటిగా కట్టేశారు.

ఏఐ భయం కొట్టిపారేయదగ్గది కాదు. 2021లో కోడ్ రాయడంలో సాయపడే గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక పని తీరు నిజంగానే మారింది. కొత్తవాళ్ళకు చేయి తిరగడం కోసం ఇచ్చే చిన్న చిన్న పనులు ఇప్పుడు చాలావరకు అదే చేసేస్తోంది. అందుకే మొదటి ఉద్యోగం సంపాదించడం మునుపటికన్నా కష్టమైందని నా అభిప్రాయం. మీకు తియ్యటి మాటలు చెప్పి లాభం లేదు. కానీ "ఇక ప్రోగ్రామర్లతో పనిలేదు" అనే మాట కొత్తది కాదు. 1959లో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపకల్పన మొదలైనప్పుడే, ప్రోగ్రామర్లు కానివాళ్ళు కూడా చదివి అర్థం చేసుకోగలగాలన్నది ఒక ఉద్దేశం. 1979లో విజికాల్క్ అనే మొదటి తరం స్ప్రెడ్‌షీట్ వచ్చి, అకౌంటెంట్లు రోజుల తరబడి చేసే కూడికలను క్షణాల్లో చేసి పెట్టింది. అకౌంటెంట్లు మాయం కాలేదు, మీరే సాక్ష్యం. కూడికలు పోయి, ఆ కూడికలకు అర్థమేంటో చెప్పే పని మిగిలింది.

మీరే ఒక పరీక్ష పెట్టండి. ఖర్చు పంచే ప్రోగ్రాం రాయమని ఏఐని అడగండి. చక్కగా రాసిస్తుంది. 0.01ని ఎవరికి వేసిందో వెతకండి. బహుశా మిమ్మల్ని అడక్కుండానే ఏదో ఒక నిర్ణయం తీసేసుకుని ఉంటుంది. అది మీ ఆఫీసు పద్ధతికి సరిపోతుందా? ఆ ప్రశ్న వేయగలిగినవాళ్ళకు అది మంచి పనిముట్టు. వేయలేనివాళ్ళ చేతిలో తప్పుల్ని వేగంగా తయారుచేసే యంత్రం. నేర్చుకుంటున్న రోజుల్లో మాత్రం దానితో కోడ్ రాయించుకోకండి. మీ ఎర్రర్ చూపించి "ఇదేమంటోంది" అని అడగండి, అంతవరకే.

సరే, ఏం చేయొచ్చో చూద్దాం.

ఉద్యోగం మానేసి ఆరు నెలల కోర్సులో చేరితే మంచి లేకపోలేదు. రోజంతా అదే పని, పక్కన తోటివాళ్ళు, ఒక క్రమం. కానీ మానేసిన రోజు నుంచే మీవారు చెప్పిన ఏడాది గడియారం తిరగడం మొదలవుతుంది. కోర్సుకు ఆరు నెలలు, వెతుక్కోవడానికి ఆరు నెలలు. పదో నెల వచ్చేసరికి ఏది దొరికితే దానికి తలొగ్గే పరిస్థితిలో ఉంటారు. పైగా మీరింతవరకు సొంతంగా రాసిన ప్రోగ్రాం ఒక్కటే. ఈ పని మీకు నచ్చుతుందో లేదో మీకే ఇంకా తెలియదు. ఆ "గ్యారంటీ" మాట కాగితం మీద ఎలా ఉందో చదవండి. ఏ ఉద్యోగమైనా లెక్కలోకి వస్తుందా, డెవలపర్ ఉద్యోగమేనా? రాకపోతే కట్టిన ఫీజు తిరిగిస్తారా, ఏ షరతులతో? రెండు బ్యాచ్‌ల కిందట చేరినవాళ్ళందరిలో ఎంతమంది ఇప్పుడు ఆ పనిలో ఉన్నారు? గోడ మీద ఫొటోలు చూపిస్తే, ఫొటో లేనివాళ్ళ సంగతి అడగండి. ఇద్దరు పాత విద్యార్థులతో మీరే మాట్లాడతానంటే వాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఉద్యోగంలో ఉంటూనే రోజుకు గంట, గంటన్నర నేర్చుకోవడం రెండో దారి. ఏడాదిన్నర పడుతుందనుకోండి, ఇంకా ఎక్కువే కావచ్చు. నెలాఖరు వారంలో అసలు కుదరదు, కుదరనివ్వకండి కూడా. బాబుకు జ్వరం వస్తే పది రోజులు గండి పడుతుంది. మధ్యలో విసుగొస్తుంది, పక్కవాళ్ళు ముందుకెళ్ళిపోతున్నట్టు అనిపిస్తుంది. ఈ దారిలో చాలామంది ఆగిపోతారు, ఆ మాట దాచను. ఆగినా పోయేది సాయంత్రాలే, జీతం పోదు.

మూడోది మీ కుర్చీలోంచే మొదలవుతుంది. ప్రతి నెలా మీ చేతిని నొప్పిపెట్టే పని ఒకటి ఎంచుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటును పద్దులతో జతచేసి, జత కుదరనివి పక్కన పెట్టడం లాంటిది. దానికి చిన్న ప్రోగ్రాం రాయండి. ఖాళీ తెర భయం ఇక్కడ ఉండదు, ఎందుకంటే ఏం కావాలో మీకు పూర్తిగా తెలుసు. రెండు జాగ్రత్తలు. కంపెనీ లెక్కలను ఇంటి ల్యాప్‌టాప్‌లోకి గానీ, ఏఐలోకి గానీ ఎక్కించకండి. కల్పిత అంకెలతో ఇంట్లో తయారుచేసి, ఆఫీసులో మేనేజరుకు చెప్పి వాడండి. రెండోది, మీరు ఇది చేయగలరని తెలిశాక అందరి షీట్లూ మీ టేబుల్ మీదకే వస్తాయి, జీతం మాత్రం కదలదు. అలా జరుగుతుందని ముందే తెలుసుకుని, చేసినవన్నీ ఒకచోట రాసి పెట్టుకోండి. ఎంత సమయం పట్టే పని ఎంతకు తగ్గిందో సహా. ఏ సర్టిఫికెట్ కన్నా ఇంటర్వ్యూలో ఆ కాగితమే ఎక్కువ పలుకుతుంది.

నాలుగోదాని గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. సాఫ్ట్‌వేర్‌లో అందరూ కోడ్ రాయరు. టెస్టింగ్ ఉంది, డేటా విశ్లేషణ ఉంది, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీల్లో అమర్చి పని నేర్పేవాళ్ళున్నారు, వాడేవాళ్ళకు ఏం కావాలో తెలుసుకుని డెవలపర్లకు చెప్పే బిజినెస్ అనలిస్టులున్నారు. వీటిని "కోడింగ్ రానివాళ్ళ పని" అని చిన్నచూపు చూడడం మా రంగంలో ఉన్న ఒక జబ్బు, పట్టించుకోకండి. ఇక్కడ మీ ఎనిమిదేళ్ళు మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తాయి. అయితే వీటిలో చాలావాటికి మనుషులతో మాటలు ఎక్కువే, కోడ్ రాసే తృప్తి తక్కువ. ఇక్కడికి వచ్చాక డెవలపర్‌గా మారినవాళ్ళూ ఉన్నారు, ఇక్కడే హాయిగా ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు.

వదిలేయడం కూడా ఒక దారే. మూడు నెలలు గట్టిగా చేసి, ఇది నాకు రుచించడం లేదని వదిలేస్తే అందులో ఓటమి లేదు. మరిది ఒక సాయంత్రం అన్న మాటకు వదిలేస్తే మాత్రం, పదేళ్ళ తర్వాత కూడా అతను ఇంటికొచ్చినప్పుడల్లా మీకది గుర్తొస్తుంది.

నన్ను అడిగితే రెండోదీ మూడోదీ కలిపి ఆరు నెలలు చేసి చూడమంటాను. మీవారు ఇస్తానన్న ఏడాది చాలా విలువైనది, దాన్ని ఇప్పుడే ఖర్చుపెట్టకండి. చేతిలో నాలుగైదు పనికొచ్చే ప్రోగ్రాములు ఉండి, ఇంటర్వ్యూలకు వెళ్ళే దశ వచ్చినప్పుడు అదే ఏడాది రెట్టింపు పని చేస్తుంది. మీ ఇంటి లెక్క మీకు తెలుసు, నాకు తెలియదు. భర్తతో కూర్చుని ఈ ఆరు నెలలు ఎలా గడవాలో, సాయంత్రం ఆ గంటన్నర బాబును ఎవరు చూస్తారో తేల్చుకోండి. భాష ఎంపిక కన్నా ఇది ముఖ్యం.

మరిదిని శత్రువుగా చూడకండి. అతను చెప్పినవాటిలో నిజాలున్నాయి, కాకపోతే మీరు అడిగిన ప్రశ్న అతనికి జవాబు తెలిసిన ప్రశ్న కాదు. "నేను చేయగలనా" అని ఈసారి అడగొద్దు. ఇరవై లైన్ల కోడ్ పట్టుకెళ్ళి, "ఇది నువ్వైతే ఎలా రాస్తావు, ఒక అరగంట చూసి చెప్పు" అని అడగండి. ఆ అరగంటలో అతని మాట తీరు మారితే నేను ఆశ్చర్యపోను.

ఈ ఆదివారం ఆ ప్రోగ్రాం మళ్ళీ రాయండి. ముగ్గురికి, ఏడుగురికి పంచి కూడి చూడండి. తర్వాత సున్నా మందికి పంచమని అడిగి, అది ఎలా అరుస్తుందో చదవండి. ఈసారి తప్పు వచ్చినా డిలీట్ చేయకండి, పాతదాన్ని వేరే పేరుతో దాచుకోండి. 0.01 ఎవరికి వేశారో, ఎందుకు వేశారో నాకు రాయండి.